డాబా కింద గదిలో డార్ట్ కప్పలు పెంచవచ్చా? (శ్రీకాకుళం)

డాబా గది

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో, అరసవల్లి వైపు వెళ్ళే దారిలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. మొదటి అంతస్తు, నెత్తిన డాబా. ఉద్యోగం బ్యాంకులో. చేపల తొట్టి నాకు కొత్త కాదు, మూడడుగుల తొట్టిలో మొక్కలు వేసి గప్పీలను చాలా కాలం పెంచాను. ఇప్పుడది ఖాళీగా పడి ఉంది. దాన్ని చిన్న అడవిలా మార్చి డార్ట్ కప్పలను, అంటే విషపు కప్పలుగా పేరుపడ్డ ఆ చిన్న రంగురంగుల అమెరికా అడవి కప్పలను, పెట్టాలని కోరిక.

హైదరాబాద్‌లో మా పెదనాన్నగారి అబ్బాయికి తెలిసినవారెవరో నీలం కప్పల జంట ఇస్తామంటున్నారు. ఫోటో పంపారు. ఒళ్ళంతా నీలం, వీపు మీద నల్ల మచ్చలు. ఆ ఫోటో చూసిన దగ్గరనుంచి లెడ్జర్ల మీద మనసు నిలవడం లేదు.

మా అత్తగారు మాత్రం "నాలుగు చినుకులు పడితే గుమ్మంలోనే గంపెడు కప్పలు, డబ్బిచ్చి కొనడమేమిటమ్మా" అంటున్నారు. ఆవిడకు చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉంటే అదీ చెప్పండి.

నా సందేహాలు ఇవి. పాత చేపల తొట్టి పనికివస్తుందా? విదేశీయుల వీడియోల్లో కనిపించే మట్టి మిశ్రమాలు మన ఊళ్ళో దొరకవు, వాటి బదులు ఏమి వాడాలి? రోజూ ఏమి తినిపించాలి? ఇంట్లో ఆరేళ్ళ పిల్లవాడు ఉన్నాడు, విషం సంగతేమిటి? ఏసీ పడకగదిలో ఒక్కటే ఉంది, అదీ రాత్రిపూటే వేస్తాం. సరిపోతుందా?

రాజాం పచ్చగాజు

డాబా గది గారూ, ముందు విషం గురించి చెబుతాను, అది త్వరగా తేలిపోతుంది కనుక. ఈ కప్పలు విషాన్ని సొంతంగా తయారు చేసుకోవు. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో అవి తినే చీమలు, మైట్లు అనే సూక్ష్మమైన నల్లుల నుంచి ఆల్కలాయిడ్లు ఒంట్లోకి చేరి చర్మంలో నిలవ ఉంటాయి. గాజు పెట్టెలో పుట్టి, పండు ఈగలు తిని పెరిగిన కప్పలో ఆ విషం ఉండదు. అడవిలో పట్టి తెచ్చినదైతే కొన్నేళ్ళ వరకూ మిగిలి ఉండవచ్చు. బాణాలకు పూసే విషం అన్నది కొలంబియా పశ్చిమాన ఎంబెరా ప్రజలకు తెలిసిన ఫిల్లోబేట్స్ కప్పల సంగతి. మీకు ఫోటోలో కనిపించినది సురినామ్ దక్షిణాన సిపాలివిని గడ్డిభూముల మధ్య మిగిలిన అడవి తునకలది, డెండ్రోబేట్స్ టింక్టోరియస్ జాతిలో ఒక రూపం. మీ ఇంట్లో భయపడవలసింది పిల్లవాడు కాదు, కప్ప. చేతి చెమట, సబ్బు, దోమల మందు, ఏదైనా దాని చర్మం పీల్చేసుకుంటుంది. చూడనివ్వండి, ముట్టుకోనివ్వకండి.

ఇక అసలు విషయం వేడి. ఉద్యోగం కోసం నెదర్లాండ్స్‌లో ఉన్నప్పుడు ఆరాటస్, ల్యూకోమెలాస్ రెండు జాతులనూ పెంచాను. అక్కడ బాధంతా చలికాలంలో పెట్టెను వెచ్చగా ఉంచడం. రాజాం తిరిగి వచ్చాక అలాంటి పెట్టే కట్టాను, మొక్కలు వేశాను, కప్పలను మాత్రం తెచ్చుకోలేదు. దానికి కారణం మే నెల, మరేమీ లేదు.

ఈ కప్పలకు 22 నుంచి 26 డిగ్రీలు హాయి. 28 వరకూ సర్దుకుంటాయి. 30 దాటి గంటల తరబడి ఉంటే చచ్చిపోతాయి. అడవి కప్ప కదా, వేడి దేశాలది కదా అని చాలామంది పొరబడతారు. అది బతికేది పెద్ద చెట్ల నీడన, తడి ఆకుల కింద. ఆ నీడలో మన చైత్రమాసపు వరండా అంత వేడి కూడా ఉండదు.

ఫ్యాను పెడితే చల్లబడదా అంటారు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు ఎంత చూపిస్తుందో అంతకన్నా కిందికి ఏ ఫ్యానూ, ఏ కూలరూ దించలేదు. గదిలో 34 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం ఉందనుకోండి, ఆ తడి థర్మామీటరు 29 దగ్గర ఆగిపోతుంది. మన తీరం ఉక్కపోత అంటే అదే. దానిమీద లైటు వేడి కలిస్తే మూసిన గాజు పెట్టె ఎండలో నిలిపిన కారే. ఐసు సీసాలు పెట్టేవాళ్ళున్నారు. కరిగినంతసేపు చల్లగా ఉంటుంది, తరువాత మళ్ళీ మామూలే, ఆ ఎగుడుదిగుళ్ళు ఇంకా చెడ్డవి. మీ ఏసీ మీరు నిద్రపోయే వేళ పనిచేస్తుంది. కప్పకు అది కావలసింది మధ్యాహ్నం రెండు గంటలకు, మీరు బ్యాంకులో ఉన్నప్పుడు, కరెంటు పోయినా సరే.

అందుకని నా సలహా: పెట్టె ఈ వానాకాలంలోనే కట్టండి, మొక్కలు వేయండి, కప్పలు వద్దు. లోపల గరిష్ఠం, కనిష్ఠం గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటరు ఒకటి ఉంచండి. వచ్చే వేసవి అంతా అది ఏమి చెబుతుందో చూడండి. అప్పటికీ 28 దాటకుండా నిలబెట్టగలిగితే కప్పల గురించి మాట్లాడుకుందాం.

తొట్టి గురించి. మూడడుగులు ధారాళంగా సరిపోతుంది, అసలు జంటకు 45 సెంటీమీటర్ల ఘనం చాలు. పైమూత గాజుతో చేయించి, ఒక అంచున వేలి వెడల్పు స్టీలు వల బిగించాలి. వల కన్ను పండు ఈగ దూరనంత సన్నగా ఉండాలి, లేకపోతే ఈగలు వంటింట్లో ఉంటాయి, కప్ప ఆకలితో ఉంటుంది. చేపల జబ్బుకు రాగి కలిసిన మందు ఎప్పుడైనా వాడి ఉంటే ఆ తొట్టి వదిలేయండి. కొత్తది చేయించుకుంటే ముందువైపు తలుపు పెట్టించుకోండి. పైనుంచి చేయి దిగితే కప్ప దాన్ని పక్షి అనుకుని బెదురుతుంది. అద్దాల దుకాణంవారికి సిలికాన్ విషయం గట్టిగా చెప్పండి: స్నానాల గదులకు వాడే, బూజు పట్టకుండా మందు కలిపిన రకం వద్దు. అతికాక పులుపు వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి.

అత్తగారికి నేను కూడా ఏమీ చెప్పలేను. ఆవిడ మాటలో న్యాయముంది.

కాగితం ముందు

రాజాం గారు వేడి గురించి చెప్పారు, నేను చట్టం గురించి చెబుతాను. ఈ జాతులు 1987 నుంచి సైటిస్ (అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. సైటిస్ జాతులన్నీ ఇప్పుడు ఆ చట్టం నాలుగో షెడ్యూలు పరిధిలోకి వస్తాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం అలాంటి జీవి ఎవరి దగ్గర ఉన్నా కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా తెలపాలి. విదేశాల నుంచి తేవడానికి వేరే అనుమతులు కావాలి.

కనుక ఆ హైదరాబాద్ పెద్దమనిషిని ఒక్క మాట అడగండి: "ఈ జంట నమోదు పత్రం చూపించగలరా?" చూపించి, మీ పేరుకు బదిలీ చేయిస్తానంటే మాట కొనసాగించండి. "ఇవన్నీ ఎవరూ పట్టించుకోరండీ" అంటే ఫోను పెట్టేయండి. బ్యాంకు ఉద్యోగం చేస్తున్న మీకు కాగితం లేని సరుకు గురించి నేను చెప్పాలా?

కవిటి కొబ్బరి

అక్కా, మట్టి మిశ్రమం ఇక్కడ దొరకదన్న దిగులు వద్దు. ఉద్దానంలో పుట్టినవాణ్ణి, కొబ్బరి సంగతి నాకు వదిలేయండి.

వీడియోల్లో మీరు చూసినది అట్లాంటా బొటానికల్ గార్డెన్ పేరు మీద చెలామణీ అయ్యే మిశ్రమం అయి ఉంటుంది. అందులో చెట్టు ఫెర్న్ పీచు, పీట్, స్ఫాగ్నమ్ నాచు, ఆర్కిడ్ బెరడు, బొగ్గు ఉంటాయి. దాని కిటుకు ఒక్కటే: ఎప్పుడూ తడిగా ఉండాలి, ఎప్పుడూ ముద్ద కట్టకూడదు, ఏళ్ళ తరబడి కుళ్ళకూడదు. ఆ పని మన కొబ్బరి డొక్క ముక్కలతోనే ముప్పాతిక వంతు జరుగుతుంది. బొటనవేలి గోరంత ముక్కలుగా కొట్టిన డొక్క రెండు పాళ్ళు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒక పాలు, చిన్న ముక్కలుగా కొట్టిన సరుగుడు బొగ్గు ఒక పాలు. ఒట్టి కోకోపీట్ మాత్రం వేయకండి. మొదట బాగానే కనిపిస్తుంది, రానురాను అడుగున బురదై మొక్కల వేళ్ళు కుళ్ళుతాయి.

ఒక హెచ్చరిక. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టిన పీచైతే చెప్పనక్కరలేదు. మంచినీటిలో నానబెట్టి, పిండి, నీళ్ళు మార్చి, ఆ నీళ్ళు టీ రంగు వదిలి తేటపడేదాకా కడగాలి. విసుగు పుట్టే పనే, అయినా తప్పదు.

అడుగున రెండంగుళాల ఇటుక ముక్కలు, వాటి మీద నైలాన్ దోమతెర గుడ్డ, ఆపైన మిశ్రమం. అన్నిటిపైన ఎండుటాకులు దట్టంగా పరవాలి. కప్ప దాక్కునేది, గుడ్లు పెట్టేది, దానికి తిండి అయ్యే చిన్న పురుగులు పెరిగేది ఆ ఆకుల్లోనే. బాదం చెట్టు ఆకులు అన్నిటికన్నా మేలు, మందంగా ఉండి నెలల తరబడి నిలుస్తాయి. జామ, పనస ఆకులు కూడా మంచివే. మందులు కొట్టిన తోటవి కాకుండా చూసుకోండి. పలాస వైపు ఎవరైనా బంధువులుంటే జీడి ఆకులు, జీడి కొమ్మలు పంపుతామంటారు, వద్దనండి. గింజ నూనె తగిలితే మన చేతులే పొక్కుతాయి, ఆ చెట్టు ముక్కను కప్ప చర్మం పక్కన పెట్టే ధైర్యం నాకు లేదు.

ఇంకొకటి విని నవ్వుకుంటారు. ప్రపంచమంతటా ఈ కప్పలను పెంచేవాళ్ళు గుడ్లు పెట్టించడానికి వాడేది సగం కొబ్బరి చిప్ప. బోర్లించి, అంచున చిన్న గుమ్మం కోసి, కింద గాజు పళ్ళెం పెడతారు. వాళ్ళు ఆన్‌లైన్‌లో కొనుక్కుంటారట. మా పెరట్లో గుట్టలుగా ఉన్నాయి, ఎన్ని కావాలో చెప్పండి.

కరెంటు గురించి రాజాం గారి మాటకు నాదీ ఒకటి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు మీద నడిచే పొగమంచు యంత్రాలు, టైమర్లు ఇవన్నీ కొనేముందు అది గుర్తుంచుకోండి. చేత్తో నొక్కే స్ప్రే సీసా ఏ తుపానుకూ ఆగదు.

ఈగల మాస్టారు

విజయనగరంలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కప్పల గురించి నాకు తెలిసినది పుస్తకాల మేరకే, ఈగల గురించి మాత్రం చేతులతో తెలుసు. తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక చెబుతాను.

అమ్మా, ఈ కప్పకు వానపాము ముక్కలు, మేత గుళికలు పనికిరావు. కదిలేది, చిన్నది కావాలి. డ్రోసోఫిలా మెలనోగాస్టర్, అంటే మాగిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ, రెక్కలు పనిచేయని రకం. దాన్ని ఇంట్లోనే వరసగా పెంచుకోవాలి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ కావడానికి పది రోజులు. వారానికొక కొత్త సీసా మొదలుపెడితేనే తిండి తెగకుండా ఉంటుంది. మన ప్రయోగశాలల్లో వాడే మేత చాలా సులువు: బొంబాయి రవ్వ, బెల్లం, అగర్ కలిపి ఉడికించి, పైన చిటికెడు ఈస్ట్ చల్లడం. బూజు పట్టకుండా మేము ప్రొపియోనిక్ ఆమ్లం వేసేవాళ్ళం, మీరు కొంచెం వెనిగర్ వేసుకోండి. సీసాలను నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలబెట్టాలి. లేకపోతే తెల్లారేసరికి చీమలు ఒక్క పిల్లపురుగును కూడా మిగల్చవు.

ఇప్పుడు వేడి ఇక్కడ కూడా ఏమి చేస్తుందో వినండి. రెక్కలు కుదించుకుపోయిన వెస్టిజియల్ రకం ఈగలను 30 డిగ్రీలు దాటిన చోట పెంచితే వాటి పిల్లలకు రెక్కలు తిరిగి పొడుగవుతాయి. ఇది తరగతిలో పిల్లలకు చూపించే పాత ప్రయోగమే. అంతే కాదు, 30 డిగ్రీల దగ్గర పెరిగిన మగ ఈగలు గొడ్డుపోతాయి. అంటే మే నెలలో మీ కప్పకు ఎండదెబ్బ తగలకపోయినా, దాని వంటిల్లు మూతపడుతుంది. చల్లటి చోటు కప్పల పెట్టెకు ఒకటి, ఈగల సీసాలకు ఒకటి చూసుకోవాలి.

ఒట్టి ఈగలు కూడా చాలవు. డి3 కలిసిన కాల్షియం పొడి, విటమిన్ ఎ ఉన్న పొడి ఈగలకు పట్టించి వదలాలి. సీసాలో పొడి వేసి, ఈగలను దులిపి, ఒకసారి కుదిపితే తెల్లగా అవుతాయి. పెట్టెలో ఎండుటాకుల కింద స్ప్రింగ్‌టెయిల్స్ అనే సన్నటి తెల్ల పురుగులను ముందే వదిలి పెరగనిస్తే బూజును అవి తింటాయి, వాటిని కప్ప తింటుంది.

నీళ్ళ గురించి ఒక మాట. 1999లో కప్పలను ఊచకోత కోసే కైట్రిడ్ శిలీంధ్రానికి శాస్త్రవేత్తలు పేరు పెట్టి వివరించినది వాషింగ్టన్ జాతీయ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన నీలం డార్ట్ కప్ప నుంచే. మీకు ఇస్తామంటున్నది అదే రకం. విదేశీ కప్పల పెట్టెలో నుంచి తీసిన నీళ్ళు, మట్టి బ్లీచింగ్ కలపకుండా నాగావళి వైపు వెళ్ళే కాలువలో పోయడం మహా తప్పు. మన కప్పలు ఆ జబ్బుకు ఏమవుతాయో పరీక్షించే హక్కు మనకు లేదు.

డాబా గది

అందరికీ చాలా కృతజ్ఞతలు. మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోను చేశాను. నమోదు పత్రం మాట ఎత్తగానే అటునుంచి "ముందు అడ్వాన్సు పంపండి, కాగితాలు తరువాత చూద్దాం" అన్న జవాబు వచ్చిందట. వద్దని చెప్పేశాను. కాసేపు బాధపడ్డాను, దాచుకోవడమెందుకు.

కానీ పెట్టె కట్టాలన్న కోరిక పోలేదు. రాజాం గారు చెప్పినట్టు మొక్కలతోనే మొదలుపెడతాను. మా తొట్టిలో రాగి మందు వాడలేదు. కవిటి తమ్ముడూ, డొక్క ముక్కలు ఒక బస్తా కావాలి, ఈ నెలాఖరుకు సోంపేట వైపు రావలసిన పని ఉంది, అప్పుడు తీసుకుంటాను. చిప్పలు ఇప్పుడు వద్దులే.

రాజాం గారూ, మొక్కలు ఏవి వేయాలో, లైటు ఎంత ఉండాలో చెప్పలేదు. మా బోరు నీళ్ళు తాగితే నాలుక మీద సున్నం రాసినట్టు ఉంటుంది, వాటితో స్ప్రే చేయవచ్చా?

మాస్టారూ, మీ మాటల్లో కోపం కనిపించినా, మీరు చెప్పినది మా వారికి చదివి వినిపించాను. కప్పలే లేకపోతే ఈ మూడడుగుల అడవిలో చూడటానికి ఏముంటుంది అని అడుగుతున్నారు.

రాజాం పచ్చగాజు

బోరు నీళ్ళు వద్దు. వారం తిరిగేసరికి గాజు మీద తెల్లటి మరకలు పడి లోపల ఏమీ కనిపించదు, నాచు కూడా చచ్చిపోతుంది. ఆర్వో నీళ్ళు వాడండి, లేదా ఇప్పుడు వానలు కదా, డాబా మొదటి జల్లుకు కడుక్కుపోయాక తరువాతి వాన పట్టుకోండి.

మొక్కలకు నర్సరీల్లో దొరికేవే చాలు. వెనక గోడకు పాకే ఫైకస్, మూలల్లో సింగోనియం, నేల మీద ఫిటోనియా, దుంగ మీద చిన్న బ్రొమీలియాడ్లు. మనీప్లాంట్ వేస్తే మీరు కత్తెరతోనే బతకాలి, మిగతావాటిని మింగేస్తుంది. నర్సరీ కుండీలో ఉన్న మట్టిని వేళ్ళ నుంచి పూర్తిగా కడిగేయండి, అందులో ఎరువు గుళికలు, పురుగు మందు ఉంటాయి. నాచు కోసం ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు, మీ వీధిలో వానకు పచ్చబడిన ప్రహరీ గోడ చాలు. అరకు వెళ్ళినప్పుడు అడవి ఆర్కిడ్లు పీక్కురావాలన్న ఆలోచన ఉంటే మానుకోండి.

లైటు తెల్లటి ఎల్ఈడీ, 6500 కెల్విన్ అని రాసి ఉన్నది, రోజుకు పన్నెండు గంటలు. గాజు మీద ఆనించకుండా అరచేయి ఎత్తున పెట్టండి. ఆ కాస్త ఖాళీ వల్లే లోపలి వేడి తగ్గుతుంది. పెట్టె పడమటి గోడకు వద్దు. మీ ఇంట్లో ఉత్తరపు గది ఏదైనా ఉంటే అందులో, నేలకు దగ్గరగా పెట్టండి. డాబా కింద ఇళ్ళలో బీరువా ఎత్తుకూ నేలకూ వేడిలో తేడా చేయి పెడితేనే తెలుస్తుంది.

ఈగల మాస్టారు

కోపం కాదమ్మా, పాఠాలు చెప్పిన గొంతు అలాగే ఉండిపోయింది.

మీ వారి ప్రశ్నకు జవాబు మీ అత్తగారు ముందే చెప్పారు. మన చెట్టు కప్ప, పోలిపీడేట్స్ మాక్యులేటస్, వానాకాలంలో స్నానాల గది గోడలకు అతుక్కుని కనిపించేది, దాన్ని పట్టి పెట్టెలో వేయనక్కరలేదు. అద్దె ఇల్లు కనుక పెరడు లేకపోవచ్చు, బాల్కనీ చాలు. వెడల్పాటి సిమెంటు తొట్టిలో జానెడు నీళ్ళు పోసి, నీళ్ళ మీదికి వంగేలా ఒక కుండీ మొక్క పెట్టండి. ఆడ కప్ప వస్తే నీటి పైన ఆకుకు గానీ తొట్టి గోడకు గానీ తెల్లటి నురుగు గూడు కడుతుంది. గుడ్లు అందులోనే పొదుగుతాయి, పిల్లలు కిందికి జారి నీళ్ళలో పడతాయి. తోకకప్పలు కనిపించేదాకా దోమపిల్లలు లేకుండా వారానికొకసారి నీళ్ళు మార్చండి. కనిపించాక మార్చడం ఆపి, రోజూ చూసి దోమపిల్లలను వలతో తీసేయండి. గప్పీలను మాత్రం అందులో వేయకండి. దోమలతోపాటు తోకకప్పలను కూడా తినేస్తాయి.

డాబా గది

బాల్కనీ ఉంది మాస్టారూ, కానీ అది మూడో మనిషి నిలబడలేనంత ఇరుకు. మొదటి అంతస్తుకు చెట్టు కప్పలు ఎక్కి వస్తాయా?

ఈగల మాస్టారు

వస్తాయి. వేలి కొసల్లో ఉన్న జిగురు పళ్ళేలతో నిట్టనిలువు గోడ ఎక్కుతాయి. రాత్రి బాల్కనీ దీపం కాసేపు వేసి ఉంచండి, పురుగుల కోసం వస్తాయి.